బెల్లంగారి డెప్యుటేషను

ఆ వేసవి మొదట్లో నీలాద్రిపేట మునిసిపాలిటీలో కుక్కలు ముప్పై ఒక్కమందిని కరిచాయి. ముప్పైమందిని కరిచినంతవరకూ అది వీధి గొడవగానే ఉండిపోయింది. ముప్పై ఒకటో మనిషి వైస్ చైర్మన్ గారి బావమరిది కావడంతో పాలనా సమస్య అయింది.

కమిషనర్ పరాంకుశరావు గారు అప్పుడే ఏదో మహానగరంలో మూడు రోజుల వర్క్‌షాపు ముగించుకుని వచ్చారు. వస్తూ వస్తూ ఒక సంచీ, ఒక టోపీ, ఒక వాక్యం తెచ్చుకున్నారు. సంచీ ఇంట్లో కూరగాయలకి పనికొచ్చింది. టోపీ పొద్దుటి నడకకి పనికొచ్చింది. వాక్యం మాత్రం మునిసిపాలిటీ మీద పడింది.

"కుక్క దేనితో తిరిగితే దానిలా తయారవుతుంది" అని ఆయన సమావేశంలో ప్రకటించారు. "ఇది శాస్త్రం. మన పట్టణంలో కుక్కలు కరుస్తున్నాయంటే లోపం కుక్కలది కాదు, వాటి సహచర వాతావరణానిది. కాబట్టి చెడ్డ కుక్కల్ని పట్టుకోవడం మానేసి, వాటి మధ్యన ఒక మంచి కుక్కని ప్రవేశపెట్టాలి. ఆ విధంగా సత్ప్రవర్తన వార్డు స్థాయికి విస్తరిస్తుంది."

అందరూ రాసుకున్నారు. ఎందుకు రాసుకుంటున్నారో ఎవరికీ తెలియదు గాని, కమిషనర్ గారు వేలు పైకెత్తి మాట్లాడితే రాసుకోవడం అక్కడి ఆనవాయితీ.

"పట్టణంలో అత్యుత్తమ ప్రవర్తన గల కుక్క ఏది?"

ఆ ప్రశ్నకి తలలన్నీ చివరి వరస వైపు తిరిగాయి. అక్కడ అప్పలసూరి కూర్చుని ఉన్నాడు. పశువైద్య విభాగంలో సహాయకుడు. డాక్టరు పోస్టు తొమ్మిదేళ్లుగా ఖాళీ కాబట్టి విభాగం అంటే అతనే. చీపుళ్లు పెట్టే గది పక్కన అతని గది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో సమావేశాలన్నిటికీ వెనక వరసలోనే కూర్చున్నాడు, ఎవరూ ఏమీ అడక్కుండా ఉంటారని. నిజంగానే ఎవరూ అడగలేదు. ఇన్నేళ్లకి మొదటిసారి ఒకరు ప్రశ్న అడగడం, దానికి తనకి జవాబు తెలిసి ఉండటం, రెండూ ఒక్కసారే జరిగేసరికి అప్పలసూరి నోరు అదుపు తప్పింది.

"బస్టాండు దగ్గర ఎర్నమ్మ ఇడ్లీబండి కాడ బెల్లం ఉందండి."

"బెల్లమా?"

"కుక్క పేరండి. ఆ రంగులో ఉంటుంది. రోజుకి మూడు వందలమంది దాని ముందునించి పోతారు. ఇంతవరకూ ఒక్కరి మీద మొరగలేదు. చేతిలో ఆకు పెట్టుకుని తింటున్నా మీదకి రాదు. పారేసిందాకా ఆగి తింటుంది."

"దాన్ని తీసుకురండి" అన్నారు పరాంకుశరావు గారు. "దాని సేవలు మనకి కావాలి."

*

అనడం తేలిక. తీసుకురావడానికి నిబంధనలు అడ్డొచ్చాయి. మునిసిపాలిటీలో కుక్క పోస్టు లేదు. ఆ చిక్కు విప్పింది మేనేజరు సదాశివమూర్తి. ఆయన బల్ల మీదకి వచ్చిన ఫైలు ఏదీ తిరిగి వెళ్లదని పేరు గాని, పైవాళ్లకి అవసరమైనప్పుడు ఆయనకి దొరకని నిబంధన కూడా లేదు.

"కొత్త పోస్టంటే ప్రభుత్వ అనుమతి కావాలండి. డెప్యుటేషన్ మీద తెచ్చుకుంటే అక్కర్లేదు" అన్నాడు.

"డెప్యుటేషన్ ఎక్కణ్ణించి?"

"ఇప్పుడెక్కడ పనిచేస్తుంటే అక్కణ్ణించేనండి. ఇడ్లీబండి నించి."

సర్వీసు రిజిస్టరు తెరిచారు. హోదా అన్న చోట 'సహచర శునకం' అని రాశారు. పుట్టినతేదీకి రుజువు లేదు. అప్పలసూరి దాని పళ్లు అదివరకే చూసి ఉన్నాడు కాబట్టి నాలుగున్నరేళ్లు ఉంటాయన్నాడు. రుజువు లేనివాళ్లందరికీ ఆఫీసులో జూలై ఒకటే పుట్టినరోజు కాబట్టి అదే వేశారు. స్థానికుడా, స్థానికేతరుడా అన్న గడిలో స్థానికుడని రాశారు. పుట్టుమచ్చల గడిలో 'కుడిచెవికి చీలిక' అని రాశారు. సంతకం బదులు, కుక్క వచ్చాక దాని ముందరికాలికి స్టాంపు ప్యాడ్ సిరా పూసి ముద్ర వేయించారు. పదవీ విరమణ తేదీని గుమస్తా మామూలు లెక్కప్రకారమే కట్టి వేశాడు. అరవై రెండేళ్లకి.

ఎర్నమ్మ దగ్గరికి ఉత్తర్వు పట్టుకెళ్లాల్సిన పని అప్పలసూరికే పడింది. ఆమె పిండి గరిటెతో ఇడ్లీ పళ్లెం నింపుతూ అంతా విన్నది.

"కమీసనరు బాబుకి మా కుక్కతోటి పనేటి?"

"ఇది మంచిదని. దీన్ని చూసి మిగతావి కూడా మంచిగా అవుతాయని."

ఎర్నమ్మ గరిటె పక్కన పెట్టింది. బండి కింద బెల్లం పడుకుని ఉంది. దాని పక్కనే ఒక ముసలి ఆడకుక్క, ఒక కాలు కుంటిది, కళ్లు మూసుకుని ఉంది.

"ఈడు మంచోడే బాబూ, కాదన్నానా. కానీ ఈడంతట ఈడు మంచోడు కాడు. ఎవలి మీదకైనా ఎగబడితే ఆ ముసల్ది ఊరుకోదు, సెవి కొరికి పెడతాది. ఆ సీలిక దాని పనే. ఆటోలోల్లు అదిలిస్తారు. నానొకర్తిని ఉన్నాను. ఇంతమందిమి కలిసి ఈడినిలాగ ఉంచినాం. ఈడినొక్కడినే అట్టుకుపోతే తవరికి దొరికేది ఉత్త కుక్క."

అప్పలసూరికి ఆ మాట సబబుగానే తోచింది. కాని ఉత్తర్వులో ఆ మాటకి చోటు లేదు.

"కొన్నాళ్లే కదమ్మా. మళ్లీ నేనే తెచ్చి దింపుతాను" అన్నాడు.

బెల్లం లేచి అతని వెంట నడిచింది. పిలిస్తే ఎవరి వెంటనైనా నడిచే కుక్క అది.

*

మొదటి పోస్టింగు పదకొండో వార్డు చేపల మార్కెట్టు. అక్కడ పద్దెనిమిది కుక్కలున్నాయి. జనాన్ని కరవడంలో వాటికి పెద్దా చిన్నా తేడా లేదు. బెల్లం తాడు పట్టుకుని అప్పలసూరి ఆ మధ్యకి వెళ్లాడు. పద్దెనిమిదీ గుండ్రంగా నిలబడి గుర్రుమన్నాయి. సత్ప్రవర్తన ఎంతసేపట్లో విస్తరిస్తుందో వర్క్‌షాపులో చెప్పారో లేదో అతనికి తెలియదు. ఎందుకైనా మంచిదని ఎర్నమ్మ దగ్గర మిగిలిన ఇడ్లీలు ఒక గోనెసంచీలో తెచ్చుకున్నాడు. సంచీ బోర్లించాడు.

మూడు రోజులు సంచీ బోర్లించాడు. మూడు రోజులూ పదకొండో వార్డులో ఎవరినీ కుక్క కరవలేదు.

నాలుగో రోజు పరాంకుశరావు గారు తెరమీద బొమ్మలు వేసి చూపించారు. ఎర్రగీత కిందికి దిగింది, పచ్చగీత పైకి లేచింది. 'సహచర శునక ప్రయోగం: నూరు శాతం ఫలితం' అని కింద రాసి ఉంది.

అప్పలసూరి వెనక వరసలో లేచి నిలబడ్డాడు. "సార్, ఇడ్లీలు కూడా పెట్టామండి."

"వెరీ గుడ్. అది పౌష్టికాహార అంశం. దానికి వేరే ఫైలు పెట్టండి."

అప్పలసూరి కూర్చున్నాడు.

పథకాన్ని ముప్పై రెండు వార్డులకీ విస్తరించారు. మంచి కుక్క ఒక్కటే కాబట్టి రోజుకొక వార్డు చొప్పున పర్యటన వేశారు. అప్పుడు పరాంకుశరావు గారికి ఒక సందేహం వచ్చింది. పగలంతా చెడ్డ కుక్కల మధ్య తిరిగిన బెల్లం, డ్యూటీ అయ్యాక మళ్లీ బస్టాండుకి పోయి ఆటోవాళ్లతో, కుంటికుక్కతో పడుకుంటే దాని గతేమిటి? సదాశివమూర్తి ఆ రోజే ఉత్తర్వు తయారుచేసి సమావేశంలో చదివాడు.

"సహచర శునకం ప్రవర్తన కలుషితం కాకుండా ఉండేందుకు గాను, విధినిర్వహణ అనంతరం సదరు శునకాన్ని సత్ప్రవర్తన గల వ్యక్తుల సహవాసంలో మాత్రమే ఉంచవలెను. అట్టి వ్యక్తులు మునిసిపల్ కార్యాలయంలో తగినంత సంఖ్యలో అందుబాటులో ఉన్నందున, సదరు శునకం హెడ్‌క్వార్టర్సు మునిసిపల్ కార్యాలయంగా నిర్ణయించడమైనది."

ఎవరూ నవ్వలేదు. ప్రతివాళ్లూ అది తమ గురించే రాశారనుకుని తలలూపారు.

*

కమిషనర్ గారి గది బయట, అటెండరు దాలినాయుడి స్టూలు పక్కన బెల్లాన్ని కట్టేశారు.

దాలినాయుడు చెడ్డవాడు కాడు. ఇంటిదగ్గర కోడిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని నూకలు తినిపించే మనిషి. అయితే ఆ స్టూలు మీద కూర్చునేసరికి అతని గొంతులో రెండు గొంతులు పుట్టుకొచ్చేవి. కారు తాళాలు తిప్పుకుంటూ కాంట్రాక్టరు వస్తే, "రండి బాబూ, లోపలే ఉన్నారు" అని వెన్నలా కరిగేది ఒకటి. కాగితం నాలుగు మడతలు పెట్టి పట్టుకుని నడిచి వచ్చినవాళ్లని చూస్తే, "ఏయ్, ఎక్కడికి? సారు మీటింగులో ఉన్నారు, రేపు రా" అని గరగరలాడేది రెండోది. లోపల మీటింగు ఉందా లేదా అన్నది ఆ గొంతుకి సంబంధం లేని విషయం.

కుక్కకి మాటలు తెలియవు. గొంతు తెలుస్తుంది. మొదటి వారం బెల్లం అందరినీ చూసి తోకాడించింది. రెండో వారం దాలినాయుడి మొహం చూసి అప్పుడు ఆడించాలా వద్దా అని తేల్చుకుంది. మూడో వారానికి దాలినాయుడి మొహం చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. మెట్లమీద చెప్పుల చప్పుడు వినగానే వచ్చేది ఎవరో దానికి తెలిసిపోయేది. బూట్లయితే తోక. అరిగిన చెప్పులయితే మొరుగు. చేతిలో కాగితం కనిపిస్తే వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడేవి.

మిగతా అలవాట్లు కూడా ఒక్కొక్కటే వచ్చాయి. బస్టాండులో తెల్లారక ముందే లేచే కుక్క ఇప్పుడు పదకొండు దాటితేగాని కళ్లు తెరవడం లేదు. పరాంకుశరావు గారు వస్తుంటే మాత్రం అర నిమిషం ముందు లేచి, ఒళ్లు విరుచుకుని, నిటారుగా నిలబడి, ఆయన లోపలికి వెళ్లి తలుపు మూసుకోగానే మళ్లీ పడుకునేది. మధ్యాహ్నం తాడు విప్పితే సదాశివమూర్తి బల్లకింద ఫైళ్లకట్ట మీద నిద్రపోయేది. ఆ కట్టలోంచి ఎవరైనా ఒక ఫైలు తీయబోతే కోరలు చూపించేది. కొత్త ఫైలు తెచ్చి పెడితే ఏమీ అనేది కాదు. సదాశివమూర్తికి అది తెగ నచ్చింది. "నమ్మకమైన స్టాఫు" అన్నాడు.

వార్డుల పర్యటనకి జీపు ఏర్పాటు చేశారు. ఒక వారం జీపులో తిరిగాక బెల్లం నడవడం మానేసింది. ఆ పైవారం జీపు దిగడం మానేసింది. ముందు సీట్లో కూర్చుని, కిటికీలోంచి వార్డు కుక్కల్ని ఒకసారి పరికించి, ఆవలించేది. అంతటితో తనిఖీ ముగిసేది. వెనక సీట్లో అప్పలసూరి హాజరుపట్టీ రాసుకునేవాడు.

కుక్కకాట్లు మళ్లీ మొదలయ్యాయి. మొదలైన సంగతి అప్పలసూరి నివేదికలో రాశాడు. సదాశివమూర్తి దాన్ని సవరించాడు. ఉదయం పదిన్నరకి ముందు, సాయంత్రం ఐదు తరవాత పడిన కాట్లు కార్యాలయ వేళల బయటివి కనక పథకం పరిధిలోకి రావన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంట నించి రెండింటి మధ్య పడినవి భోజన విరామంలోవి. అలా వడకట్టాక నాలుగే మిగిలాయి. ఎర్రగీత ఇంకా కిందికి దిగింది.

ఎర్నమ్మ రోజూ రెండు ఇడ్లీలు ఆకులో కట్టి అప్పలసూరి చేతికి ఇచ్చేది, బెల్లానికి పెట్టమని. ఒకరోజు బెల్లం వాటిని వాసన చూసి మొహం తిప్పుకుంది. దానికప్పటికి క్రీము బిస్కట్లు అలవాటయ్యాయి. ఆ సంగతి అప్పలసూరి ఎర్నమ్మకి చెప్పలేదు. ఆ రోజునుంచీ ఇడ్లీలు తనే తిన్నాడు, గదిలో తలుపు దగ్గరగా వేసుకుని.

*

ఆరో సోమవారం ఎర్నమ్మే వచ్చింది.

ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, చేతిలో కాగితం పట్టుకుని మెట్లెక్కింది. కాగితం ఒక ఆటోడ్రైవరు రాసిపెట్టాడు. 'నా కుక్కను నాకు ఇప్పించ ప్రార్థన' అని ఉంది. అప్పలసూరి వరండా చివర నిలబడి ఆమెని చూశాడు. ఎదురెళ్లి పలకరిద్దామనుకున్నాడు. ఇంతలోనే దాలినాయుడి రెండో గొంతు లేచింది.

"ఏయ్, ఎక్కడికి?"

బెల్లం ఒక్క ఉదుటున లేచింది. తాడు బిగిసేదాకా ముందుకి దూకి మొరిగింది. ఎర్నమ్మ అడుగు వెనక్కి వేయబోయి చీర కుచ్చెళ్లు తొక్కి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

"బెల్లం" అంది మెల్లగా.

కుక్క ఆగింది. చెవులు వెనక్కి వాలాయి. తోక కాస్త కదిలింది, కదలలేదు అన్నట్టుగా కదిలింది. అప్పుడు దాలినాయుడు స్టూలు నేలకేసి కొట్టాడు.

"మీటింగు నడుస్తంది. రేపు రా."

బెల్లం మళ్లీ మొరగడం మొదలుపెట్టింది, ఈసారి ఇంకా గట్టిగా.

ఎర్నమ్మ కాసేపు దాన్నే చూసింది. కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. వరండా దిగుతూ అప్పలసూరి దగ్గర ఆగింది.

"ఈడు నన్ను ఆనమాలు పట్టలేక కాదు బాబూ. పట్టీసే అరిసినాడు. ఇక్కడ ఎరిగినోల్లని సూసి అరవడమే ఉజ్జోగం గావాల."

ఆమె కోపంగా అన్నా బాగుండేది. లోకంలో ఇలాంటివి మామూలే అన్నట్టు అంది. అప్పలసూరి గదిలోకి వెళ్లి, చాలాసేపు కూర్చుని, చివరికి ఒక నోటు రాశాడు. ఉద్యోగంలో తనంతట తాను రాసిన మొదటి నోటు అది.

'కమిషనర్ వారి సిద్ధాంతము నూటికి నూరుపాళ్లు నిజమని రుజువైనది. సహచర శునకము ఆరు వారములుగా మన సహవాసములో ఉన్నది. దాని ప్రస్తుత ప్రవర్తన వివరములు జతపరచడమైనది.'

నోటు సదాశివమూర్తి బల్లకింద కట్టలోకి వెళ్లింది. దాని మీద బెల్లం పడుకుంది.

అక్కడే ఉండిపోయేది కూడా. కాని గురువారంనాడు వైస్ చైర్మన్ గారి కారు సర్వీసింగుకి వెళ్లింది. ఆయన బూట్లు ఇరుకయ్యాయని చెప్పులు వేసుకుని, ఏదో కాగితం చేత్తో పట్టుకుని, నడిచి ఆఫీసుకి వచ్చారు. బెల్లం తన విధి తాను నిర్వర్తించింది. ఎడమ పిక్కలో నాలుగు పళ్లు దిగాయి.

*

విచారణ సంఘం వేశారు. పరాంకుశరావు గారు అధ్యక్షులు, సదాశివమూర్తి కన్వీనరు. కుక్కల సంగతి తెలిసినవాడు ఒకడుండాలని అప్పలసూరిని కూడా వేశారు.

"శాస్త్రం తప్పదు" అన్నారు పరాంకుశరావు గారు. "బెల్లం చెడిపోయిందంటే ఎవరో చెడగొట్టి ఉండాలి. ఆ దుస్సహవాసి ఎవరో తేలాలి. సిబ్బంది అందరూ సదరు శునకంతో తమ సహవాసం వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి."

యాభై నాలుగుమంది రాసిచ్చారు. దాలినాయుడు, తాను ఎప్పుడూ తలుపు వైపు చూస్తాడు కనక వెనకనున్న కుక్కతో తనకి పరిచయం లేదని రాశాడు. జీపు డ్రైవరు, తన కళ్లు రోడ్డు మీద ఉంటాయని రాశాడు. సదాశివమూర్తి, కుక్క బల్లకింద ఉన్నది నిజమేగాని తాను బల్లకి పైభాగాన ఉన్నందున సహవాసం ఏర్పడలేదని రెండు పేజీలు రాశాడు. పరాంకుశరావు గారు తాను విధాన నిర్ణేతనే తప్ప సహచరుణ్ణి కాదని ఒక వాక్యంలో తేల్చారు. అప్పలసూరి ఒక్కడే 'సహవాసము కలదు' అని రాశాడు. అది తప్పుగా పూరించిన పత్రమని సదాశివమూర్తి పక్కన పెట్టాడు.

ఇక నివేదిక రాయడం సులువైపోయింది. పత్రాల ప్రకారం ఆరు వారాలపాటు కార్యాలయంలో ఎవరూ బెల్లంతో సహవాసం చేయలేదు. కాబట్టి దుస్సహవాసం కార్యాలయంలో జరగలేదు. కాబట్టి అంతకు పూర్వమే జరిగింది. దాని ఫలితాలు నిద్రాణంగా ఉండి ఆలస్యంగా బయటపడ్డాయి. బస్టాండు దగ్గరి ఇడ్లీబండి దుస్సహవాస కేంద్రమని నిర్ధారించడమైనది. ఏడు రోజుల్లో తొలగించవలెను.

నోటీసు అందజేయాల్సింది అప్పలసూరి.

అతను బండి ముందు బల్ల మీద కూర్చుని కాగితం చదివి వినిపించాడు. ఎర్నమ్మ చట్నీ గిన్నె మీద మూత పెట్టి నిలబడి విన్నది. ఆటోవాళ్లు ఇద్దరు తినడం ఆపేశారు.

"మేవేటి సేసినాం బాబూ?"

"ఏమీ చెయ్యలేదు."

"మరి?"

"ఆఫీసులో ఎవరూ ఏమీ చెయ్యలేదని రాసిచ్చారు. మిగిలింది నువ్వే."

ఎర్నమ్మ బండి వైపు చూసింది. ఆ బండి మీద పంతొమ్మిదేళ్లుగా పొగ పట్టి ఉంది. "కుక్కనిచ్చినందుకు కొట్టెత్తీస్తారా" అంది. వచ్చినవాళ్లకి ఇడ్లీ పెట్టడం మొదలుపెట్టింది. అప్పలసూరికి కూడా పెట్టింది. అతను ఆ ఆకు ముట్టుకోలేదు. ఈ కుక్క పేరు ఆ రోజు సమావేశంలో తన నోటినించే వచ్చిందన్న సంగతి ఆమెకి ఇప్పటికీ తెలియదు. నోటీసు మీద ఆమె వేలిముద్ర తీసుకోకుండానే లేచి, జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

మర్నాడు ఆఫీసుకి తొందరగా వెళ్లి బీరువాలోంచి బెల్లం సర్వీసు రిజిస్టరు తీశాడు. అతనికి నిబంధనలంటే భయం. ఆ భయంతోనే ఇరవై ఆరేళ్లుగా వాటిని చదువుతూ వచ్చాడు. ఆ రోజు మాత్రం ఆకలిమీద ఉన్నవాడు చదివినట్టు చదివాడు.

*

సోమవారం రీజినల్ డైరెక్టరు గారి తనిఖీ. ఆయన సాదాగా నడిచి వస్తాడని, చెప్పులే వేసుకుంటాడని కబురు వచ్చింది. శుక్రవారం సాయంత్రం పరాంకుశరావు గారు సంఘాన్ని పిలిచారు.

"ఆ కుక్క సోమవారానికి ఇక్కడ ఉండకూడదు. తొలగించండి."

"అంటే చార్జి మెమో ఇవ్వాలండి" అన్నాడు సదాశివమూర్తి. "పదిహేను రోజుల్లోగా అది రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఇవ్వకపోతే రెండో అవకాశం ఇవ్వాలి."

"ఇంకో మార్గం?"

అప్పలసూరి వెనక కుర్చీలోంచి లేచాడు. "డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లనయితే మాతృ విభాగానికి సరెండర్ చెయ్యొచ్చండి. ఒక్క రోజు పని."

"మరి చెయ్యండి."

"చెయ్యడానికి మాతృ విభాగం ఉండాలి కదండి. ఇడ్లీబండిని మనమే ఎత్తేస్తున్నాం. మాతృ విభాగం రద్దయితే డెప్యుటేషన్‌లో ఉన్న ఉద్యోగి ఇక్కడే విలీనమైపోతాడండి. బెల్లం మన పర్మనెంటు అవుతుంది."

"ఎన్నాళ్లు?" అన్నారు పరాంకుశరావు గారు.

అప్పలసూరి రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టాడు. "అరవై రెండేళ్లు నిండేదాకానండి. ఇంకా యాభై ఏడున్నరేళ్లు సర్వీసుంది. మధ్యలో ప్రమోషన్లు వస్తాయి. సీనియారిటీలో అది..." అంటూ సదాశివమూర్తి వైపు చూసి ఆగిపోయాడు.

సదాశివమూర్తి రిజిస్టరు లాక్కుని చూశాడు. గడిలో తన సంతకమే ఉంది. బల్లకింద బెల్లం కాలు మార్చుకుని పడుకుంది. మేనేజరు రెండు కాళ్లూ పైకి తీసుకున్నాడు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. బస్టాండు ఇడ్లీబండిని సహచర శునకం మాతృ విభాగంగా గుర్తించడమైనది. సదరు విభాగాన్ని ఎట్టి పరిస్థితులలోనూ తొలగించరాదు, తరలించరాదు, అంతరాయం కలిగించరాదు. సహచర శునకాన్ని తక్షణమే అచ్చటికి సరెండర్ చేయడమైనది.

*

శనివారం పొద్దున్న అప్పలసూరి తాడు విప్పితే బెల్లం తిన్నగా జీపు దగ్గరికి వెళ్లి తలుపు ముందు నిలబడింది. చాలాసేపు నిలబడింది. తలుపు తెరవడానికి ఎవరూ రాలేదు. చివరికి నడిచింది, దారి పొడుగునా విసుక్కుంటూ.

బండి దగ్గర మొదటి రోజు అది పదకొండింటికి లేచింది. రెండో రోజు బస్సు టిక్కెట్టు చేత్తో పట్టుకుని ఇడ్లీకి వచ్చిన ఒక ముసలాయన మీద గుర్రుమంది. ఎర్నమ్మ గరిటె ఎత్తింది గాని ఆమెకి పని లేకపోయింది. బండి కిందనించి కుంటికుక్క లేచి, మూడు కాళ్ల మీద నెమ్మదిగా వచ్చి, బెల్లం ఎడమచెవి పట్టుకుని కొరికింది. బస్టాండంతా వినపడేలా బెల్లం అరిచింది. ఆటోవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ పైన ఇంకో నాలుగైదు కాట్లు, కొన్ని అదిలింపులు పడ్డాయి. పదిహేను రోజులకి బెల్లం తెల్లారే లేచి, ఆకు పారేసేదాకా ఆగి తినడం మొదలుపెట్టింది.

పరాంకుశరావు గారికి సహచర శునక పథకానికి గాను ప్రశంసాపత్రం, పెద్ద ఊరికి బదిలీ వచ్చాయి. అప్పలసూరి నోటు ఇంకా సదాశివమూర్తి బల్లకింద కట్టలోనే ఉంది.

వానలు పడ్డాక ఒక పొద్దున్న అప్పలసూరి బల్ల మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. గళ్లచొక్కా వేసుకున్న మనిషి ఒకడు వచ్చి ముందు నిలబడ్డాడు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

"తవరు మునిసిపాల్టీలో పసువుల బాబు కదండి? మా గేది రెండ్రోజులై మేత ముట్టుకోడం నేదు. కాయితం రాసి తెచ్చినాను."

అప్పలసూరి చట్నీలోంచి తల ఎత్తలేదు. "ఆఫీసుకి రేపు రా" అన్నాడు.

బెల్లం ఆ మనిషి కాళ్ల దగ్గర నిలబడి తోక ఊపుతోంది. ఎర్నమ్మ పొయ్యి మీదనించి ఆవిరి పళ్లెం దింపుతూ అప్పలసూరి వంక చూసింది.

"బెల్లానికి పదిహేను రోజులు పట్టింది. తవరికెన్నాల్లు పడతాదో బాబూ" అంది.

అప్పలసూరి తల ఎత్తి ఆ మనిషిని చూశాడు. ఆకు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, బల్ల మీద జరిగి చోటిచ్చాడు.

"కూర్చో. గేదె ఎక్కడుంది?"